పళ్ల తెలుపు పంచాయితీ: తగవు మొదలైంది ట్రే దగ్గర

పెళ్లి ముహూర్తాలు దగ్గరపడేసరికి భీమవరం, అమలాపురం వైపు పాత తగవు మళ్లీ రాజుకుంది: పళ్లు తెల్లబరిచే పని బ్యూటీ పార్లర్లు చేయవచ్చా? కచ్చిక, బొగ్గుపొడి, వేపపుల్లల కథ ఇంటింటికీ తెలిసిందే, వదిలేద్దాం.

అసలు మలుపు 1989లో వచ్చింది. అంతవరకు దంతవైద్యులు కుర్చీలో కూర్చోబెట్టి రంగు విరిచే రసాయనం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను గాఢంగా రాసి, వేడి తగిలించేవారు. ఆ ఏడాది హేవుడ్, హేమన్ అనే అమెరికా దంతవైద్యులు 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్‌ను ట్రేలో వేసి రాత్రంతా పెట్టుకునే పద్ధతిని ప్రచురించారు. అందులోంచి విడుదలయ్యే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు మూడున్నర శాతమే. మందు రోగి ఇంటికి చేరింది గానీ, ట్రే డాక్టరు పనిగానే ఉండిపోయింది. పళ్ల అచ్చు తీసి, చిగుళ్ల అంచు వెంబడి కత్తిరించిన పల్చని తొడుగు అది. పంటికి చుక్క జెల్ చాలు. తర్వాత వ్యాపారం మందును పట్టుకుని అచ్చును వదిలేసింది. ఆన్‌లైన్ కిట్టులో అందరి నోటికీ ఒకటే తొడుగు. జెల్ చిగుళ్ల మీదికి కారితే అక్కడ తెల్లబడి మండుతుంది.

తాము సూది వేయం, పన్ను పీకం, 1948 దంతవైద్యుల చట్టంలో ఈ పని పేరే లేదన్నది పార్లర్ల వాదన. లేకపోవచ్చు, ఆనాటికి ఈ ట్రే పద్ధతే లేదు మరి. ఐరోపా సమాఖ్య 2011లోనే గీత గీసింది: 0.1 శాతం దాటిన హైడ్రోజన్ పెరాక్సైడ్ దంతవైద్యుల ద్వారానే అందాలి, 6 శాతం మించకూడదు, 18 ఏళ్లలోపు వారికి వాడకూడదు.

ముందు నోరు చూడాలి కదా అన్నది దంతవైద్యుల మాట. లంక పొగాకు చుట్టలు, కిళ్లీలు మిగిల్చే మరక చాలావరకు పైపైదే. గారతో పాటు క్లీనింగ్‌లోనే పోతుంది, పెరాక్సైడ్‌తో పని పడదు. పుచ్చు పంటికి జెల్ తగిలితే ప్రాణం జివ్వుమంటుంది. క్యాపు రంగు మారదు. ముందుపంటికి క్యాపు ఉన్న పెళ్లికూతురికి పక్క పళ్లు తెల్లబడితే అదొక్కటే పసుపుగా కనిపిస్తుంది. ఆ సంగతి ముందే చెప్పాల్సిందెవరు?

అలాగని క్లినిక్కులూ తక్కువ తినలేదు. నీలి దీపం పెట్టి ‘గంటలో తెలుపు’ అని బోర్డు కడతాయి. ఆ దీపం వల్ల చివరికి ఒరిగేది స్వల్పమేనని పరిశోధనలు చెబుతున్నా బోర్డు దిగదు. ట్రే పద్ధతికి మామూలుగా రెండు వారాలు పడుతుంది. పెళ్లి వారంలో పెట్టుకుని వచ్చేవారికి అంత వ్యవధి ఎక్కడిది? పార్లర్ల గిరాకీ అంతా వాళ్లతోనే.