కొండ వెన్ను మీద వాన పట్టుకుంటే: అపోహలు - వాస్తవాలు

శుక్రవారం రాత్రి మెజెస్టిక్‌లో బస్సెక్కి, తెల్లారేసరికి కుమారపర్వతం కిందో ముళ్ళయ్యనగిరి కిందో దిగే బెంగళూరు తెలుగు బ్యాచ్‌లకు ఇది.

అపోహ: మబ్బు నెత్తిమీదికి వచ్చాకే పిడుగు భయం.
ఉరుము వినబడిందంటే పిడుగు మీదాకా రాగలదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య ప్రతి మూడు సెకన్లూ ఒక కిలోమీటరు. ఆ లెక్క 30 సెకన్లు దాటకపోతే వెంటనే దిగాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ ఎక్కకూడదు. అసలు ఏప్రిల్, మే నెలల్లో ఎండకు కాగిన గాలి పైకి లేచి మబ్బు కట్టేది ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే. ఒంటిగంటకల్లా వెన్ను దిగేలా బయల్దేరితే ఈ లెక్కల గొడవే ఉండదు.

అపోహ: పిడుగులు పడుతుంటే బోర్లా పడుకోవాలి.
వద్దు. పడిన పిడుగు నేలలో పాకుతుంది. ఒళ్ళు ఎంత బారున నేలకి తగిలితే తలకీ కాళ్ళకీ మధ్య వోల్టేజీ తేడా అంత పెరుగుతుంది. బండ చూరు కింద దూరినా, ఒంటరి చెట్టు కింద నిలబడినా ముప్పే. పక్క వాలులోకి, ఒకే ఎత్తు చెట్లున్న అడవిలోకి దిగండి. దిగే దారి లేకపోతే పాదాలు దగ్గరపెట్టి గొంతుక్కూర్చోండి. ఇది ప్రమాదాన్ని తగ్గిస్తుందే గానీ తప్పించదు. మనిషికీ మనిషికీ 15-20 మీటర్ల ఎడం ఉంచితే ఒకరికి తగిలినా ఇంకొకరు సీపీఆర్ (ఛాతీ నొక్కి గుండె ఆడించడం) చెయ్యడానికి మిగులుతారు. ఫోను పిడుగును లాగదు. ఆపేస్తే మిగిలేది బ్యాటరీ మాత్రమే.

అపోహ: మన దక్షిణాదిలో చలేమిటి?
ముళ్ళయ్యనగిరి 1930 మీటర్లు, బెంగళూరు కన్నా సుమారు వెయ్యి ఎక్కువ. ఆ తేడాకే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. దానికి తడిసిన జీన్సు, ఈదురుగాలి తోడైతే హైపోథర్మియాకి (ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడిపోవడానికి) మంచు అక్కర్లేదు. వణుకు, మాట ముద్దముద్దగా రావడం, జిప్పు పెట్టుకోలేకపోవడం దాని గుర్తులు. ఒళ్ళు చల్లగానే ఉండి వణుకు ఆగిందంటే ఇంకా ముదిరిందని. గాలి తగలని చోట తడిబట్టలు విప్పి, పొడివి తొడిగి, తెలివిలో ఉంటే తియ్యటి వేడి టీ ఇవ్వండి. పెగ్గు మాత్రం వద్దు, లోపలి వేడిని చర్మానికి తెచ్చి పోగొడుతుంది.

అపోహ: రెయిన్ కవర్ ఉందిగా!
వీపు మీంచి కారే నీళ్ళు పట్టీల వెంబడి బ్యాగు వెనక్కి చేరతాయి, కవర్ అటువైపు రాదు. బ్యాగు లోపలే మందపాటి ప్లాస్టిక్ సంచి వేసి, మూతి రెండు మెలికలు తిప్పి మడవండి. పోంచో (తల మీంచి వేసుకునే వదులు రెయిన్‌కోటు) గాలికి మొహం మీదికి లేస్తుంది, అడుగు కనబడదు. నడుం దగ్గర తాడు కట్టండి.

జలగలా? చిరాకే గానీ ప్రాణాలు తియ్యవు.