చలిలో సైకిలు: దళసరి కోటు ఎందుకు పనికిరాదు

1988 జూన్ 5. ఇటలీ సైకిల్ పందెం జిరో డిటాలియా ఆ రోజు గావియా కనుమ మీదుగా సాగింది. 2,600 మీటర్లకు పైబడిన ఎత్తు, ఎడతెగని మంచు. అందరికంటే ముందు పైకి చేరిన నెదర్లాండ్స్ సైక్లిస్టు యోహాన్ వాన్ డెర్ వెల్డె పొట్టిచేతుల జెర్సీతోనే కొండ ఎక్కాడు. ఎక్కినంతసేపూ అది సరిపోయింది. దిగడం మొదలయ్యాక కొద్ది దూరంలోనే చలికి కొయ్యబారి ఆగిపోయాడు. ఒళ్లు కాచుకుని మళ్లీ బయలుదేరి గమ్యం చేరేసరికి విజేత కంటే 40 నిమిషాలకు పైగా వెనకబడ్డాడు. అమెరికాకు చెందిన ఆండీ హాంప్‌స్టెన్ జట్టు మాత్రం మంచు క్రీడల దుస్తులు ముందే కొని పెట్టుకుంది. నియోప్రీన్ అనే రబ్బరు లాంటి గుడ్డ గ్లవ్స్ తొడుక్కుని కొండ దిగిన హాంప్‌స్టెన్ మొత్తం పందెంలో ముందున్నవాడికి ఇచ్చే గులాబీ జెర్సీని ఆ రోజే అందుకుని, చివరికి పందెమూ గెలిచాడు.

వాన్ డెర్ వెల్డె సంగతి చూడండి: మనిషి అదే, కొండ అదే. కనుమకు ఇటూ అటూ ఇంత తేడా ఎలా వచ్చింది?

మనం తిన్నదాని శక్తిలో కండరాలు పెడళ్లకు అందించేది నాలుగో వంతుకు మించదు. మిగిలిందంతా వేడి. పెడళ్ల మీద 200 వాట్లు పెట్టి కొండెక్కే మనిషి ఒంట్లో 600 వాట్లకు పైగా వేడి పుడుతుంది. అప్పుడు అతని వేగం తక్కువ కాబట్టి గాలి తాకిడీ తక్కువే. దిగేటప్పుడు రెండూ తలకిందులవుతాయి. కాళ్లకు పని ఉండదు. ఊరికే కూర్చున్న మనిషికి పుట్టే 100 వాట్లే దిక్కు. గాలి మాత్రం గంటకు 50, 60 కిలోమీటర్ల వేగంతో ముఖాన కొడుతుంది. అమెరికా, కెనడా 2001 నుంచి వాడుతున్న చలిగాలి లెక్క ప్రకారం 5 డిగ్రీల వాతావరణంలో 30 కిలోమీటర్ల గాలి వీస్తే, దుస్తులు లేని చర్మానికి అది సున్నా డిగ్రీల చలిలా తోస్తుంది. సమతలం మీద సైకిలు తొక్కేవాళ్లకు ఆ మాత్రం గాలి తమ వేగం వల్లే వస్తుంది.

దీనికి చెమట తోడవుతుంది. చర్మం మీద ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 2,400 జౌళ్ల వేడి పోతుంది. ఎక్కేటప్పుడు బట్టల్లో ఇంకిన 100 గ్రాములు, అంటే అరగ్లాసు చెమట, దిగేటప్పుడు ఆరిందనుకోండి. కదలకుండా కూర్చున్న ఒళ్లు 40 నిమిషాలు పుట్టించే వేడినంతా అది లాగేయగలదు. పైగా నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని చేరవేస్తుంది కాబట్టి తడిసిన బట్ట వెచ్చదనాన్ని నిలపలేదు. దళసరి కోటుతో చిక్కు ఇక్కడే. ఇంటి గుమ్మంలో హాయిగా ఉంటుంది, మొదటి ఎత్తు మీదే చెమట పట్టిస్తుంది, ఆ పైన వణికిస్తుంది. బయలుదేరిన మొదటి పది నిమిషాలు కాస్త చలిగా ఉంటేనే సరిగ్గా తొడుక్కున్నట్టు.

ఒంటికి తగిలే పొర పని వెచ్చబరచడం కంటే చెమటను లాగేయడమే. నూలు బనియను ఇందుకు అసలు పనికిరాదు. నీటిని పీల్చి పట్టుకుని కూర్చుంటుంది. పాలిస్టర్ దాదాపు పీల్చదు, త్వరగా ఆరుతుంది, త్వరగానే కంపు కొడుతుంది. మెరీనో జాతి గొర్రెల సన్నని ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా ఆవిరిని దాచుకుని కూడా తడిగా అనిపించదు, ఆ ఆవిరిని పీల్చేటప్పుడు కొంచెం వేడి కూడా విడుదల చేస్తుంది. గట్టిగా తొక్కి గంటలో తిరిగొచ్చేవారికి పాలిస్టర్, రోజంతా నెమ్మదిగా సాగేవారికి ఉన్ని మేలని నా అభిప్రాయం.

పై పొర విషయంలో గుర్తుంచుకోవలసింది, గాలి ఎదురుగా వస్తుందనే. ఛాతీ దగ్గర గాలి చొరని గుడ్డ, వీపున ఊపిరాడే జాలీ ఉన్న చేతుల్లేని పల్చని జాకెట్ మడిస్తే పిడికిట్లో ఇమిడిపోతుంది. పాతకాలపు పందెగాళ్లు కనుమ పైన నిలబడ్డ ప్రేక్షకుల దగ్గర వార్తాపత్రిక అందుకుని జెర్సీలోకి దోపుకునేది ఇందుకే. ఇక నీరు చొరని, ఆవిరి పోనిచ్చే ఖరీదైన జాకెట్లున్నాయి. 1969లో బాబ్ గోర్ కనిపెట్టిన సాగదీసిన టెఫ్లాన్ పొరతో మొదలైన వంశం వాటిది. వానకు మంచివే కానీ, గట్టిగా తొక్కేవాడి ఒంట్లో చెమట గంటకు లీటరు దాకా ఊరగలదు. ఏ పొరా అంత ఆవిరిని సాగనంపలేదు. నా మటుకు పొడవాటి జిప్పే ఎక్కువ విలువైనది.

అందం సంగతి. వదులు జాకెట్ గాలికి కొలిమి తిత్తిలా ఉబ్బుతూ ముడుచుకుంటూ లోపలి వెచ్చని గాలిని బయటికి నెడుతుంది, వేగాన్నీ తగ్గిస్తుంది. ఒంటికి అతుక్కున్నది చక్కగా కనిపిస్తుంది, వెచ్చగానూ ఉంటుంది. ఇలా సోకూ సుఖమూ ఒకేచోట దొరకడం అరుదు. అయితే కొలత హ్యాండిల్ మీదికి వంగిన భంగిమలో చూసుకోవాలి. అద్దం ముందు నిటారుగా నిలబడితే ముందు పొట్టిగా, వెనక పొడుగ్గా, చేతులు మరీ సాగినట్టుగా కనబడేదే సైకిలు మీద సరిపోతుంది.

వేళ్లు మొద్దుబారితే తప్పంతా గ్లవ్స్‌దే కాదు. మొండెం చల్లబడగానే శరీరం చేతులకూ కాళ్లకూ రక్తాన్ని తగ్గిస్తుంది కాబట్టి ఛాతీని కాపాడటం వేళ్లకూ వైద్యమే. రెండేసి వేళ్లను ఒకే అరలో ఉంచే గ్లవ్స్ విడివిడి వేళ్లవాటి కంటే వెచ్చన. పాదాల దగ్గర ఇరుకు బూటులో రెండు జతల మేజోళ్లు కుక్కితే రక్తం ఆడక చలి ఎక్కువవుతుంది. బూటు మీద నియోప్రీన్ తొడుగు నయం. ఒంటి వేడిలో సగం తల నుంచే పోతుందనే మాట నిజం కాదు, తల వాటా పదో వంతుకు అటూ ఇటూ. అయినా హెల్మెట్ కింద చెవులు కప్పే పల్చని టోపీ మానకండి, చెవులకు ఆ లెక్కలు తెలియవు.

రంగు గురించి ఒక మాట. మెరిసే పసుపు, నారింజ బట్టలు అతినీలలోహిత కిరణాలను వెలుగుగా మార్చి పగలూ, మసక చీకట్లోనూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రాత్రి కారు దీపాల ముందు ఆ ప్రత్యేకత పోతుంది; అప్పుడు పనిచేసేది వెలుగును వచ్చిన దారినే తిప్పిపంపే పట్టీలు. వాటిని అంటించే చోటూ ముఖ్యమే. 1973లో స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ చీకట్లో నడిచే మనిషి కీళ్ల దగ్గర మాత్రమే వెలుగు చుక్కలు పెట్టి చూపించాడు. కదులుతున్న ఆ కొన్ని చుక్కలనుంచే చూసేవాళ్లు అది మనిషని ఇట్టే గుర్తుపట్టారు. వీపున పెద్ద పట్టీ ఉన్నా అది కదలదు. చీలమండలు, మోకాళ్లు పెడళ్లతోపాటు పైకీ కిందికీ ఆడుతుంటాయి. నలుపు టైట్స్ మీద మోజున్నవాళ్లు నలుపే వేసుకోవచ్చు, చీలమండల చుట్టూ రెండు వేళ్ల వెడల్పు పట్టీ ఉంటే చాలు.