కస్టడీలో ఆమె అరవకపోతే ఒప్పుకున్నట్టేనా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో క్రిమినల్ కేసులు వాదిస్తుంటాను. పోలీస్ కస్టడీలో అత్యాచారం కేసు వచ్చిందంటే కోర్టు వరండాలో మొదట వినపడేది ఈ మాటే.

అపోహ: "అరవలేదు, ఒంటిమీద గాయాల్లేవు. ఇష్టంతోనే జరిగుంటుంది."

వాస్తవం: ఒకప్పుడు సుప్రీంకోర్టే ఇలా ఆలోచించింది. 1972లో మహారాష్ట్రలోని దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్‌లో ఒక గిరిజన అమ్మాయిపై అత్యాచారం జరిగింది. ఆమె ఇంటివాళ్లు బయటే ఎదురు చూస్తున్నారు. భయంతో లొంగిపోవడం సమ్మతి కాదని బాంబే హైకోర్టు ఇద్దరు పోలీసులకు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు గాయాల్లేవంటూ ఇద్దరినీ వదిలేసింది. స్టేషన్ లోపల, తలుపులు మూశాక, ఆ పిల్ల సాయానికి ఎవర్ని పిలవాలి? ఆ తీర్పు చదివినప్పుడల్లా కడుపు రగిలిపోతుంది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టుకు బహిరంగ లేఖ రాశారు, మహిళలు వీధుల్లోకి వచ్చారు, 1983లో చట్టం మారింది. 2013 నుంచైతే ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో సమ్మతి ఉందనుకోకూడదని చట్టంలోనే రాసుంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 63లో ఉంది.

అపోహ: "ఒప్పుకోలేదని ఆమే రుజువు చేసుకోవాలి."

వాస్తవం: కస్టడీ కేసుల్లో అక్కర్లేదు. లైంగిక చర్య జరిగిందని రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించి తీరాలి. పాత సాక్ష్యాధారాల చట్టం సెక్షన్ 114ఎ, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 120 చెప్పేది ఇదే. కాదని చూపించుకోవాల్సింది నిందితుడే.

కానీ చర్య జరిగిందన్నది మాత్రం ప్రాసిక్యూషనే నిరూపించాలి. కేసులు ఎక్కువగా వీగిపోయేది ఇక్కడే. స్టేషన్‌లో జరిగింది కాకపోయినా వాకపల్లి కేసు చూడండి: గిరిజన మహిళలు పోలీసులపై చేసిన 2007 నాటి అత్యాచార ఆరోపణలపై 2023లో తీర్పు వస్తే, దర్యాప్తు సరిగ్గా చేయలేదంటూనే కోర్టు పోలీసులను విడుదల చేసింది. అందుకే నా దగ్గరికొచ్చే కుటుంబాలకు ముందు చెప్పేది, బట్టలు ఉతకొద్దు, ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టండి అని. సమాచారం అందిన 24 గంటల్లోపు పోలీసులు వైద్య పరీక్షకు పంపాలి. ఆరోపణ స్టేషన్ వాళ్లమీదే అయితే ఫిర్యాదు నేరుగా ఎస్పీకి రాసి పంపొచ్చు. కావలిలో జరిగింది నెల్లూరులోనూ, ఒంగోలులోనూ జీరో ఎఫ్ఐఆర్‌గా, అంటే తమ పరిధి కాదనకుండా, తీసుకోవాల్సిందే. కస్టడీలో అత్యాచారం అన్నప్పుడు మేజిస్ట్రేట్ విచారణ కూడా ఉంటుంది, దాన్ని గట్టిగా అడగండి.

అపోహ: "ఆమె నిజంగా ఒప్పుకుంటే తప్పేముంది?"

వాస్తవం: తన కస్టడీలో ఉన్న మహిళను అధికారం అడ్డం పెట్టుకుని లొంగదీసుకుంటే, అది అత్యాచారం కిందికి రాకపోయినా న్యాయ సంహిత సెక్షన్ 68 కింద 5 నుంచి 10 ఏళ్ల జైలు. జైలు, హోమ్, ఆసుపత్రి నడిపేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. 18 ఏళ్లు నిండని పిల్లయితే సమ్మతి ప్రశ్నే రాదు.

అపోహ: "ఆమె నడత మంచిది కాదు."

వాస్తవం: సమ్మతి తేల్చడానికి గతంతో పనిలేదు. ఆమెకు ముందే లైంగిక అనుభవం ఉందా అని చూసే రెండు వేళ్ల పరీక్ష చేసే డాక్టర్ దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి. ఆమె పేరు, ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. అది న్యాయ సంహిత సెక్షన్ 72 కింద రెండేళ్ల దాకా జైలు పడే నేరం.