అపోహలు – వాస్తవాలు: పాత బండికి కొత్త ఫోర్కు, కొత్త చక్రాలు

విజయవాడ ఆటోనగర్‌లో పాత మోటారు సైకిళ్లను బాగుచేసే మా షెడ్డుకు వచ్చేవారిలో చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు: “ఫోర్కు చక్కగా పట్టిందండీ, కాస్త స్పీడు పెరిగితే హ్యాండిల్ కొట్టుకుంటోంది, అదొక్కటి చూస్తే చాలు.” బుల్లెట్‌కో, యెజ్డీకో, ఆర్‌ఎక్స్ 100కో ఇప్పటి స్పోర్ట్స్ బైకు ముందుభాగాన్ని, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే, లావు గొట్టాలు పైన ఉండే అప్‌సైడ్ డౌన్ ఫోర్కును, డిస్కు బ్రేకును, 17 అంగుళాల అలాయ్ వీలును మొత్తంగా తెచ్చి బిగించుకున్నవారు వీరు. బండి మీద ప్రేమతోనే, రోడ్డు మీద భద్రంగా ఉండాలనే కోరికతోనే వారు ఆ పని చేయించుకున్నారు. వారిని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. వారికి ఆ సలహా ఇచ్చి, కొలతబద్ద చేతపట్టకుండానే పని ముగించినవారి మీద మాత్రం నాకు ఓపిక లేదు.

అపోహ: స్టీరింగ్ స్టెమ్‌లో పట్టిన ఫోర్కు బండికి సరిపోయినట్టే.

వాస్తవం: పట్టడం వేరు, సరిపోవడం వేరు. స్టెమ్‌ను, అంటే స్టీరింగ్ తిరిగే కడ్డీని, లేత్ మీద తిప్పించి, దాని బేరింగులైన కోన్ సెట్టు మార్చి, ఏ ఫోర్కునైనా ఏ చాసిస్‌కైనా ఎక్కించవచ్చు. బండి తిన్నగా నడుస్తుందా, వంపులో మాట వింటుందా అన్నది మాత్రం స్టీరింగ్ హెడ్ కోణం (స్టెమ్ ఎంత వాలి ఉందో), యోక్ ఆఫ్‌సెట్ (ఫోర్కు గొట్టాలను స్టెమ్‌కు బిగించే యోక్‌లో గొట్టాలు స్టెమ్‌కు ఎంత ముందున్నాయో), చక్రం వ్యాసార్ధం కలిసి తేల్చే ట్రెయిల్ మీద, అంటే స్టెమ్ గీత నేలను తాకే చోటుకూ ముందు ఇరుసుకు సరిగ్గా కింద టైరు నేలను ఆనే చోటుకూ మధ్య దూరం మీద, ఆధారపడి ఉంటుంది. ఆ మూడింటిలో ఏది మారినా ట్రెయిల్ మారుతుంది. ముందుభాగం మొత్తం మార్చినప్పుడు మూడూ ఒకేసారి మారతాయి.

ఒక లెక్క చూడండి. పాత బుల్లెట్‌కు ఉండే 3.25-19 టైరు వ్యాసార్ధం సుమారు 323 మిల్లీమీటర్లు. ఇప్పటి స్పోర్ట్స్ బైకుల్లో సాధారణమైన 110/70-17 టైరుది సుమారు 293. అంటే టైరు మార్పుతోనే ముందు ఇరుసు 30 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. కొత్త ఫోర్కు పాతదానికంటే 40 మిల్లీమీటర్లు పొట్టిదనుకుంటే, మొత్తం మీద ముందుభాగం దాదాపు 65 మిల్లీమీటర్లు వాలుతుంది. బుల్లెట్ వీల్‌బేస్ సుమారు 1370 మిల్లీమీటర్లు కనుక, ముందుభాగం ప్రతి 24 మిల్లీమీటర్లు దిగినప్పుడల్లా స్టీరింగ్ హెడ్ ఒక డిగ్రీ నిటారుగా మారుతుంది. 27 డిగ్రీల కోణం, 60 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్ ఉన్న బండిని ఉదాహరణగా తీసుకుంటే, మొదట 97 మిల్లీమీటర్లున్న ట్రెయిల్ ఈ మార్పుల తరువాత 66కు పడిపోతుంది. మూడో వంతు పోయింది. చక్రాన్ని తిన్నగా నిలబెట్టే గుణంలో అంత భాగం పోయిన బండి బందరు రోడ్డు ట్రాఫిక్‌లో 40 మీద చురుకుగా, హాయిగా తిరుగుతున్నట్టే అనిపిస్తుంది, అందుకే ఎక్కించినవారు సంతోషంగా డబ్బు తీసుకుంటారు, నడిపినవారు సంతోషంగా ఇస్తారు. అసలు సంగతి హైవే మీద తెలుస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొత్త బైకుల యోక్‌లలో ఆఫ్‌సెట్ తరచుగా తక్కువగా ఉంటుంది, ఆఫ్‌సెట్ తగ్గితే ట్రెయిల్ పెరుగుతుంది. కాబట్టి ఫోర్కుతో పాటు దాని సొంత యోక్‌లను కూడా వాడినప్పుడు పై నష్టం కొంత పూడవచ్చు, ఒక్కోసారి పూర్తిగానే పూడవచ్చు. కొత్త ఫోర్కు గొట్టాలకు తగినట్టు లేత్ మీద కొత్త యోక్‌లు చేయించి, ఆఫ్‌సెట్ మాత్రం పాతదే ఉంచితే నష్టమంతా అలాగే మిగులుతుంది. ఫలానా బండి ఫోర్కు ఫలానా బండికి సూపర్‌గా ఉంటుందట అన్న పుకారుకు విలువ లేనిది ఇందుకే. ఆ మాట చెప్పినవారు ఏ యోక్ వాడారో, ఏ టైరు వేశారో, వెనుక షాకప్స్ ఎంత పొడవో చెప్పరు.

బరువు విషయం కూడా ఇంతే ముఖ్యం. ఆర్‌ఎక్స్ 100 సుమారు 103 కిలోల బండి. దానికంటే యాభై, అరవై కిలోలు ఎక్కువ బరువున్న బైకు కోసం చేసిన ఫోర్కు స్ప్రింగు దాని కింద సరిగా కదలదు. మనిషి కూర్చున్నప్పుడు ఫోర్కు తన ప్రయాణంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు దిగాలి. అంత దిగకపోతే కరకట్ట రోడ్డు లాంటి గతుకుల దారిలో చక్రం నేలను అంటిపెట్టుకోకుండా ఎగురుతూ పోతుంది. మెత్తదనం కోసం పెట్టిన ఖర్చు నడుము నొప్పిగా తిరిగివస్తుంది.

బుల్లెట్ యజమానులు ఇంకొకటి తెలుసుకోవాలి. పాత బుల్లెట్‌లో హెడ్‌లైటు డూమే ఫోర్కు పై యోక్. ఫోర్కు గొట్టాలు దానిలోకే బిగుస్తాయి. స్పీడోమీటరు, ఆంపియర్ మీటరు, రెండు చిన్న టైగర్ ల్యాంపులు అన్నీ ఆ ఒక్క అల్యూమినియం పోతలోనే కూర్చుంటాయి. ఫోర్కు మార్చడమంటే ఆ బండి ముఖాన్నే తీసివేయడం. తీసినవాటిని తుక్కు కింద తూకానికి వేసే అలవాటు మన దగ్గర ఎక్కువగా ఉంది, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

గుంటూరు నుంచి ఒక యువకుడు తన తండ్రి నడిపిన డెబ్బైల నాటి బుల్లెట్‌ను ఇలాంటి స్థితిలోనే తెచ్చారు. కాజ టోల్‌ప్లాజా దాటాక 70 దాటితే చాలు, హ్యాండిల్ రెండు పక్కలా కొట్టుకుంటోందని, ఆ బండి ఎక్కితే ఇంటికి వచ్చేదాకా అమ్మ వాకిట్లోనే కూర్చుంటోందని చెప్పారు. ఫోర్కు ఎక్కించినవారు మొదట వీల్ బ్యాలెన్సింగ్ చేయించమన్నారు, తరువాత హ్యాండిల్ ఊపును అణచే స్టీరింగ్ డ్యాంపర్ కొనిపించారు. డ్యాంపర్ జబ్బును కప్పిపెట్టగలదే కాని నయం చేయలేదు. మా షెడ్డులోనే ఉన్న అదే కాలపు మార్చని బుల్లెట్‌ను పక్కన నిలబెట్టి రెండింటి ట్రెయిల్ కొలిచి చూపించాను. తేడా ఆయన కళ్లతో ఆయనే చూశారు. అసలు ఫోర్కు, డూము అప్పటికే తుక్కులోకి వెళ్లిపోయాయి. పగుళ్లు లేని పాత డూము దొరకడానికి పట్టిన కాలం, అయిన ఖర్చు ఆ కొత్త ఫోర్కు కంటే ఎక్కువ. ఇప్పుడు ఆ బండికి పాత ఫోర్కులో కొత్త బుష్షులు, సీల్స్, స్టీరింగ్‌లో టేపర్ రోలర్ బేరింగులు, వెనుక అసలు పొడవులోనే ఉన్న మంచి గ్యాస్ షాకప్స్ ఉన్నాయి. ఈసారి వాళ్ల అమ్మగారిని వెనుక కూర్చోబెట్టుకుని మంగళగిరి గుడికి వెళ్లివచ్చానని ఫోన్ చేశారు.

అపోహ: పాత డిజైన్ కాబట్టే బండి ఊగుతుంది.

వాస్తవం: నా అనుభవంలో ఊగే పాత బండ్లలో అధికభాగం అరిగినవే కాని చెడుగా రూపొందించినవి కావు. ఆధునిక భాగాల ధర అడిగే ముందు ఒక పూట ఈ పరీక్షలకు కేటాయించండి. బండిని మెయిన్ స్టాండు వేసి, ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, ఫోర్కు కింది కొసలను పట్టుకుని ముందుకు వెనుకకు లాగితే టకటకమన్నా, హ్యాండిల్ తిప్పుతున్నప్పుడు సరిగ్గా మధ్యలో గాటులో పడ్డట్టు ఆగినా కోన్ సెట్టు పోయినట్టే. వెనుక చక్రాన్ని పక్కలకు నెట్టినప్పుడు దాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ పక్కలకు కదిలితే బుష్షులు అరిగినట్టు. స్పోకులను స్పానరుతో మెల్లగా తట్టి చూస్తే వదులైనది మొద్దుగా పలుకుతుంది. ఫోర్కు గొట్టాన్ని తీసి చదునైన గాజు పలక మీద దొర్లిస్తే వంపు బయటపడుతుంది. రెండు చక్రాల వెంబడి దారం లాగి చూస్తే అవి ఒకే గీతలో ఉన్నాయో లేవో తెలుస్తుంది. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం: 2314 అని ఉంటే అది 2014లో 23వ వారంలో తయారైన టైరు. గాడి ఎంత లోతుగా ఉన్నా ఆ రబ్బరు గట్టిపడి ఉంటుంది.

సత్యనారాయణపురం నుంచి వచ్చిన ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి తన యెజ్డీ హ్యాండిల్ పట్టుకుంటే మణికట్లు నొప్పి పుడుతున్నాయని, కొత్త ఫోర్కు వేయించనా, అమ్మేయనా అని ఎంతో దిగులుగా అడిగారు. విప్పి చూస్తే ఒక ఫోర్కు కాలులో ఆయిల్ సగమే ఉంది, రెండో కాలులో ఇంజిన్ ఆయిల్ పోసి ఉంది, స్వింగ్ ఆర్మ్ బుష్షు వేలు పెట్టి కదిపితే కదులుతోంది. రెండు కాళ్లలో సమానంగా సరైన గ్రేడు ఆయిల్, కొత్త బుష్షులు, అదే కొలతలో కొత్త టైర్లు వేశాక ఆయన వేరే బండి నడుపుతున్నట్టుందన్నారు. కొత్త ఫోర్కు ప్రస్తావన మళ్లీ రాలేదు.

ఆధునికమైనవేవీ వద్దని నేను అనడం లేదు. జ్యామితిని మార్చకుండా నాణ్యతను పెంచేవన్నీ వేయించుకోవచ్చు: ఇప్పటి రబ్బరు మిశ్రమంతో అసలు కొలతలో వచ్చే టైర్లు, అదే వ్యాసంలో అల్యూమినియం రిమ్ములు, స్టెయిన్‌లెస్ స్పోకులు, బరువుకు తగిన ఫోర్కు స్ప్రింగులు, మంచి బ్రేకు షూలు. డిస్కు బ్రేకు తప్పనిసరి అనుకునే బుల్లెట్ యజమానులు అదే కంపెనీ తరువాతి మోడళ్లలో వచ్చిన, 19 అంగుళాల చక్రం ఉన్న డిస్కు ఫోర్కును కొలిచి చూసుకోవడం స్పోర్ట్స్ బైకు ఫోర్కు కోసం వెతకడం కంటే ఎంతో మేలు. పాత ఫోర్కు కాలికి, డిస్కును నొక్కే క్యాలిపర్ బ్రాకెట్‌ను వెల్డింగ్ చేయించడం మాత్రం ఎవరు చెప్పినా చేయించవద్దు. బ్రేకు వేసినప్పుడు పడే బలమంతా ఆ వెల్డింగు మీదే పడుతుంది, అది ఊడితే క్యాలిపర్ చక్రంలోకి వెళుతుంది.

మిగిలినవాటిని త్వరగా చెబుతాను. వెడల్పు టైరు వేస్తే పట్టు పెరుగుతుందన్నది అపోహ: సన్నని రిమ్ము మీద వెడల్పు టైరు గుండ్రంగా పిసికినట్టయి, అంచుల్లో ఆనదు. యెజ్డీలో అయితే గొలుసును పూర్తిగా మూసి ఉంచే చైన్ కేసుకు రాసుకుంటుంది. అలాయ్ వీలు స్పోకుల చక్రం కంటే ఎప్పుడూ బలమైనదన్నదీ అపోహే: గట్టి గుంతలో స్పోకుల రిమ్ము వంగితే సరిచేయవచ్చు, పోత అలాయ్ పగిలితే మార్చడమే. సాధారణ స్పోకుల రిమ్ముకు ట్యూబు తీసి ట్యూబ్‌లెస్ టైరు వేయిస్తే స్పోకులను బిగించే నిప్పిళ్ల రంధ్రాల గుండా గాలి పోతుంది. వెనుక పొడవైన షాకప్స్ వేస్తే గ్రౌండ్ క్లియరెన్సు పెరుగుతుంది, నిజమే, కాని అది కూడా స్టీరింగ్‌ను నిటారు చేస్తుంది, సైడ్ స్టాండు మీద బండి మరీ వాలిపోతుంది.

చట్టం విషయంలో భయమూ ధీమా రెండూ అనవసరం. తయారీదారు నిర్దేశించిన, ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని ధ్రువీకరించింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పాతదైతే వింటేజ్ కిందికి వస్తుంది కదా అనేవారు 2021 జూలైలో వచ్చిన నిబంధనలను చదవాలి: మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్నవాటికే వింటేజ్ రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తారు, దానితో రోజువారీ ప్రయాణాలు చేయకూడదు. 1985లో మొదలైన ఆర్‌ఎక్స్ 100లలో ఒక్కటి కూడా 2035కు ముందు ఆ లెక్కలోకి రాదు. యోక్ పట్టడానికి చాసిస్ మెడను కోసి వెల్డింగ్ చేయించినవారు ఆ అవకాశాన్ని శాశ్వతంగా వదులుకున్నట్టే.

ఇప్పటికే ముందుభాగం మార్పించుకుని, ఇది చదివి కంగారు పడుతున్నవారు బండిని అమ్మేయాల్సిన పనిలేదు, తిన్నని కడ్డీ, తాడుకు కట్టిన తూకపు గుండు, కొలతటేపు ఉంటే చాలు. చదునైన నేల మీద బండిని నిటారుగా నిలబెట్టి, మీ బరువున్న మనిషిని కూర్చోబెట్టి, స్టీరింగ్ స్టెమ్ అక్షం వెంబడి తిన్నని కడ్డీని నేల దాకా పట్టి ఒక గుర్తు పెట్టండి. ముందు ఇరుసు మధ్య నుంచి తూకపు గుండు వేలాడదీసి రెండో గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య దూరమే మీ ట్రెయిల్. మార్చని అదే మోడల్ బండిని ఇలాగే కొలిచి పోల్చండి. తేడా పది మిల్లీమీటర్ల లోపైతే సాధారణంగా బేరింగులు, టైర్లు చూసుకుంటే సరిపోతుంది. అంతకుమించి తగ్గి ఉంటే, యోక్‌లలో ఫోర్కు గొట్టాలు పైకి పొడుచుకు వచ్చి ఉన్నాయేమో చూసి కిందికి దించి ముందుభాగాన్ని లేపడం, 17 బదులు 18 లేదా 19 అంగుళాల రిమ్ము అదే హబ్బుకు అల్లించగలమేమో చూడడం, తక్కువ ఆఫ్‌సెట్ యోక్‌లు వేయడం అన్న వరుసలో ప్రయత్నించండి. అలాయ్ వీలుకు రిమ్ము అల్లడం కుదరదు కనుక అక్కడ స్పోకుల హబ్బు వెతకాలి. ఏ మార్పు చేసినా హ్యాండిల్‌ను రెండు పక్కలా పూర్తిగా తిప్పి గొట్టాలు ట్యాంకుకు తగలడం లేదని, ఫోర్కు పూర్తిగా దిగినప్పుడు మడ్‌గార్డు కింది యోక్‌ను తాకడం లేదని నిర్ధారించుకోండి. ఈ పని పూర్తయ్యేవరకు 50 దాటి నడపవద్దు, వెనుక ఎవరినీ ఎక్కించుకోవద్దు.