లెక్క వెనక టైరు దగ్గర మొదలవుతుంది

అమెరికాలో, డెట్రాయిట్‌లో బయల్దేరి పాంటియాక్ ఊరి దాకా వెళ్లే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఆగస్టు నెలలో ఓ శనివారం పాత కార్ల తిరునాళ్లు జరుగుతుంది. 1995లో మొదలైంది. జనం రోడ్డు పక్కన మడత కుర్చీలు వేసుకుని పొద్దుటి నుంచే కూర్చుంటారు. అక్కడ కళ్లు మూసుకున్నా కాలక్షేపమే. సిగ్నల్ దగ్గర ఆగిన కారు "గుడు... గుడుగుడు... గుడు" అంటూ, ఇదిగో ఆగిపోతున్నా అన్నట్టు ఊగుతుంటుంది. మా ఆఫీసులో ఓ గుంటూరు కుర్రాడు ఆ తడబాటు విని మనసు పారేసుకున్నాడు. నాలుగు నెలల్లో 1968 షెవర్లే కమారో ఒకటి ఇంటికి తెచ్చేశాడు.

"అన్నా, 500 హార్స్ పవర్ రావాలంటే ఏ ఇంజిన్ పెట్టాలి?" అన్నాడు.

"ఏ టైర్లు వేస్తున్నావు?" అన్నాను.

పెళ్లికూతురు గురించి అడిగితే షామియానా సంగతి చెబుతున్నానన్నట్టు చూశాడు. కానీ ఇలాంటి కారుకి లెక్క అక్కడే మొదలుపెట్టాలి. ఇంజిన్ మీద మోజు ముందు పుడుతుంది, నిర్ణయం మాత్రం చివర్న తీసుకోవాలి.

మధ్యస్థాయి కారులో పెద్ద ఇంజిన్ పెట్టిన మజిల్ కారు పుట్టిందే మోజులోంచి. మధ్యస్థాయి కార్లలో 330 ఘనపు అంగుళాల కన్నా పెద్ద ఇంజిన్ పెట్టొద్దని జనరల్ మోటార్స్‌లో ఓ నియమం ఉండేది. పాంటియాక్ విభాగం వాళ్లు 1964లో 389 ఘనపు అంగుళాల ఇంజిన్‌ని, అంటే దాదాపు 6.4 లీటర్లది, "ఆప్షన్" పేరుతో దొడ్డిదారిన టెంపెస్ట్ కారులో దించారు. అదే జీటీఓ. అది అమ్ముడుపోయిన తీరు చూసి మిగతా కంపెనీలన్నీ ఆ దారే పట్టాయి. బ్రేకులు, స్ప్రింగులు, టైర్లు మాత్రం ఇంజిన్ పెరిగినంత వేగంగా పెరగలేదు. ఇప్పుడు పాత కారు బాగుచేసే ప్రతివాడికీ ఆ బాకీ తగులుతుంది.

టార్క్, హార్స్ పవర్ అనే రెండు మాటల్ని కలగలిపేస్తుంటాం. టార్క్ అంటే తిప్పే బలం. హార్స్ పవర్ అంటే ఆ బలంతో పని ఎంత వేగంగా జరుగుతోందన్న లెక్క. న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ని ఆర్‌పీఎంతో, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లతో, గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. గేర్ చేసే పని గునపం చేసే పనే. గునపంతో బండరాయి లేపేటప్పుడు మన చెయ్యి మూరెడు కిందికి దిగితే రాయి బెత్తెడు లేస్తుంది. బలం పెరుగుతుంది, కదలిక తగ్గుతుంది. గేర్ కూడా ఇంజిన్ వేగాన్ని తగ్గించి ఆ మేరకు టార్క్‌ని పెంచి చక్రానికి ఇస్తుంది. కొత్తగా శక్తి ఏదీ పుట్టదు. దారిలో కాస్త వేడిగా పోతుంది కూడా.

మరి చక్రం దగ్గర ఎంత బలం ఉంటే చాలు? కారు, మనిషి కలిపి 1600 కిలోలు అనుకుందాం. నిలబడి ఉన్నప్పుడు అందులో 45 శాతం వెనక చక్రాల మీద ఉంటుంది. కారు ముందుకు దూకినప్పుడు బరువు వెనక్కి ఒరిగి అది 56 శాతం దాకా పెరుగుతుంది, అంటే సుమారు 900 కిలోలు. మామూలు రోడ్డు టైరు పట్టు దాని మీది బరువుకి 0.9 వంతు అనుకుంటే వెనక టైర్లు నేలని నెట్టగలిగిన గరిష్ఠ బలం 8000 న్యూటన్ల దగ్గర ఆగిపోతుంది. 33 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న టైరుకి ఇది 2640 న్యూటన్ మీటర్లు. అంతకు మించి ఎంత పంపినా వచ్చేది పొగే.

మొదటి గేర్, వెనక యాక్సిల్ (ఇరుసు) లోని పళ్లచక్రాల నిష్పత్తులు కలిసి టార్క్‌ని 9.4 రెట్లు పెంచుతున్నాయనుకోండి. దారిలో పోయే 15 శాతం తీసేసినా ఇంజిన్ నుంచి 330 న్యూటన్ మీటర్లు వస్తే చాలు, టైరు జారుతుంది. పెద్ద హంగులేమీ లేని 350 ఘనపు అంగుళాల ఇంజిన్‌కే 400 దాటడం కష్టం కాదు. పైగా ఆటోమేటిక్ అయితే ఇంజిన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య నూనెతో బలం అందించే టార్క్ కన్వర్టర్ కారు కదిలే ఆ మొదటి క్షణాల్లో టార్క్‌ని దాదాపు రెట్టింపు చేస్తుంది. దాన్ని నేను లెక్కలో వేయనేలేదు. ఈ అంకెలన్నీ ఓ కాగితం మీద వేసి చూపిస్తే మావాడు కాసేపు మాట్లాడలేదు. 500 హార్స్ పవర్ వేగం పుంజుకున్నాక రెండు, మూడు గేర్లలో పనికొస్తుంది. సిగ్నల్ దగ్గర మాత్రం అతని డబ్బంతా టైరు పొగలో పోతుంది.

అతను కొన్న కారులో 327 ఘనపు అంగుళాల ఇంజిన్, పవర్‌గ్లైడ్ అనే రెండే గేర్ల ఆటోమేటిక్, వెనక 2.73 నిష్పత్తి యాక్సిల్ ఉన్నాయి. మొదటి గేర్ 1.82. రెండూ గుణిస్తే ఐదు కూడా నిండదు. 5000 ఆర్‌పీఎం దాకా లాగితే ఆ ఒక్క గేరే గంటకి 125 కిలోమీటర్ల దాకా పోతుంది! అమెరికాలో సూటిగా సాగిపోయే హైవేలకి అది చాలు. కానీ నిలబడ్డ చోటి నుంచి కదిలేటప్పుడు బరువెక్కిన లారీ సంగతే.

ఇలాంటి కార్లకి ఎక్కువమంది చేసే పని టర్బో హైడ్రామాటిక్ 350 అనే మూడు గేర్ల ఆటోమేటిక్ వేసి, వెనక యాక్సిల్‌ని 3.73కి మార్చడం. మొదటి గేర్ 2.52 కాబట్టి మొత్తం 9.4 వస్తుంది. కదలడం బ్రహ్మాండంగా ఉంటుంది. హైవే ఎక్కాక ఏడుపు మొదలవుతుంది. 26 అంగుళాల టైరు ఒక చుట్టుకి 2.07 మీటర్లు పోతుంది. గంటకి 110 కిలోమీటర్ల దగ్గర చక్రం నిమిషానికి దాదాపు 884 చుట్లు తిరుగుతుంది. చివరి గేర్ ఒకటికి ఒకటి కాబట్టి ఇంజిన్ 3300 చుట్లు తిరగాలి. గంటసేపు ఆ మోత భరించి దిగితే చెవుల్లో ఇంకా అదే వినిపిస్తుంది. పెట్రోలు సంగతి చెప్పక్కర్లేదు.

1982లో వచ్చిన 700ఆర్4 గేర్ బాక్స్‌లో మొదటి గేర్ 3.06, నాలుగోది 0.70. ఆ నాలుగోదే ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజిన్ కన్నా షాఫ్ట్‌ని వేగంగా తిప్పే గేర్. దీనికి వెనక 3.08 యాక్సిల్ జతచేస్తే మొదటి గేర్‌లో వచ్చేది 9.42, అంటే పై జోడీతో సరిసమానం. అదే 110 దగ్గర ఇంజిన్ తిరిగేది మాత్రం 1900 చుట్లు. కదలడంలో ఏమీ కోల్పోకుండా హైవే మీద 1400 చుట్లు మిగిలాయన్నమాట. మొత్తం ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన అంకె ఇదే. కొత్త ఇంజిన్ కొన్నా ఇంత సుఖం రాదు.

చేత్తో గేర్లు వేసుకోవాలన్న సరదా ఉంటే దారి వేరు. పాత మన్సీ నాలుగు గేర్ల బాక్స్ శబ్దం బాగుంటుంది, ఓవర్‌డ్రైవ్ ఉండదు. ట్రెమెక్ ఐదు గేర్లది ఉత్తమం. ఆరు గేర్ల టీ56 కావాలంటే కారు నేల మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే సొరంగాన్ని కోసి వెల్డింగ్ చేయాలి. రేకు కోసే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించమనే అంటాను.

700ఆర్4 అంటే మాకూ ఓ గుణపాఠం ఉంది. అది పవర్‌గ్లైడ్ కన్నా సుమారు మూడంగుళాలు పొడవు. కింద ఆనించే అడ్డపట్టీని వెనక్కి జరపాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని అంతమేర కోయించి బ్యాలెన్స్ చేయించాలి. అవన్నీ శ్రద్ధగా చేశాం. తప్పింది ఓ చిన్న కేబుల్ దగ్గర. కార్బురేటర్ నుంచి గేర్ బాక్స్‌కి వెళ్లే ఆ తీగ చూడ్డానికి మామూలు యాక్సిలరేటర్ వైరులా ఉంటుంది. నిజానికి ఎంత నొక్కితే లోపల నూనె ఒత్తిడి అంత పెరగాలని చెప్పేది అదే. మేము పెట్టిన కార్బురేటర్ లివర్ కొలత వేరు. కేబుల్ లాగాల్సినంత లాగలేదు, ఒత్తిడి చాలలేదు, లోపలి క్లచ్ పళ్లేలు గట్టిగా పట్టుకోలేక జారాయి. రెండు వారాలకి డిప్‌స్టిక్ తీసి చూస్తే ఎర్రగా ఉండాల్సిన నూనె గోధుమరంగులోకి తిరిగింది, మాడిన వాసన. గేర్ బాక్స్ మొత్తం విప్పాల్సి వచ్చింది. పది నిమిషాల సర్దుబాటుకి నెలరోజుల శిక్ష.

ఇప్పుడు ఇంజిన్. ముందుగా ఓ హెచ్చరిక: పాత బ్రోచర్లలో హార్స్ పవర్ అంకెలు చూసి మురిసిపోవద్దు. 1971 దాకా "గ్రాస్" లెక్క నడిచింది. ఇంజిన్‌ని ఒంటరిగా బల్ల మీద పెట్టి, ఫ్యాను, మామూలు సైలెన్సర్ లాంటి భారాలేమీ లేకుండా కొలిచేవాళ్లు. 1972 నుంచి కారులో ఉన్నట్టే అన్నీ తగిలించి కొలిచే "నెట్" లెక్క వచ్చింది. 1971లో జనరల్ మోటార్స్ రెండు అంకెలూ ప్రకటించింది కాబట్టి తేడా తెలుస్తోంది. ఆ ఏడాది కార్వెట్‌లోని ఎల్‌టీ-1 ఇంజిన్ గ్రాస్‌లో 330, నెట్‌లో 275. ఇంజిన్ ఒకటే, మారింది తక్కెడ. మావాడి 327కి రాసిన 210 కూడా గ్రాసే.

అతని ముందు రెండు దారులు. ఒకటి అదే కుటుంబంలోని 350. 1955లో 265 ఘనపు అంగుళాలతో మొదలైన షెవర్లే స్మాల్ బ్లాక్ వంశం అది. 327కీ 350కీ సిలిండర్ వెడల్పు ఒక్కటే, నాలుగు అంగుళాలు. పిస్టన్ ప్రయాణమే 3.25 నుంచి 3.48 అంగుళాలకి పెరిగింది. అందుకే ఇంజిన్ కూర్చునే చోట ఏమీ మార్చక్కర్లేదు. ఇంకాస్త ఆశ ఉన్నవాళ్లు అందులో 3.75 అంగుళాల ప్రయాణమిచ్చే క్రాంక్ వేసి, సిలిండర్లని కొద్దిగా వెడల్పుగా తొలిపించి 383 చేస్తారు. తక్కువ ఆర్‌పీఎంలోనే టార్క్ బాగా వస్తుంది.

రెండోది జనరల్ మోటార్స్ కొత్త తరం ఇంజిన్లు, ఎల్ఎస్ కుటుంబం. 1997 కార్వెట్‌తో వచ్చిన ఎల్ఎస్1 పరిమాణం 346 ఘనపు అంగుళాలు, నెట్ లెక్కలోనే 345 హార్స్ పవర్. పరిమాణం దాదాపు 350దే, శక్తి మాత్రం ఎక్కడికో వెళ్లింది. గాలి లోపలికి పోయే దారులు సూటిగా ఉండటం, దహన గది ఆకారం మెరుగుపడటం, ప్రతి నిప్పురవ్వ సమయాన్నీ కంప్యూటర్ సరిచూడటం, ఇవే అందుకు కారణాలు. 1999 నుంచి పికప్ ట్రక్కుల్లో వచ్చిన ఇనుప బ్లాకు 5.3 లీటర్ల తమ్ముడు పాత సామాన్ల యార్డుల్లో దొరుకుతాడు. నన్నడిగితే అదే కొనమంటాను. కానీ దాని వెనక వచ్చే సరంజామా చూసుకోవాలి. కార్బురేటర్‌కి 0.4 బార్ ఒత్తిడితో పెట్రోలు అందితే చాలు, దీనికి 4 బార్ కావాలి. అంటే పంపు, గొట్టాలు, ట్యాంకు అన్నీ మారాలి. వైరింగ్, కంప్యూటర్, నూనె తొట్టి, మౌంటు పట్టీలు వేరే.

బానెట్ ఎత్తితే పాత తరం ఇంజినే కనపడాలన్నాడు మావాడు, 350 వైపే మొగ్గాడు. వాదించలేదు. కారు వాడిది.

పాత కారుకి కొత్త గుండె పెట్టడం మన దగ్గరా కొత్తేమీ కాదు. 1992లో హిందూస్థాన్ మోటార్స్ వాళ్లే అంబాసడర్‌లో ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజిన్‌తో పాటు ఐదు గేర్ల బాక్స్ కూడా పెట్టారు. ఇంజిన్ ఒక్కటే మార్చి గేర్ బాక్స్ వదిలేయలేదు, గమనించండి.

చివరికి ఇంజిన్ కవాటాలని తెరిచి మూసే కడ్డీ, క్యామ్‌షాఫ్ట్ దగ్గర మాకు నిజమైన గొడవొచ్చింది. వుడ్‌వర్డ్ మీద విన్న ఆ తడబాటు క్యామ్ పుణ్యమే. పెద్ద క్యామ్ వేస్తే లోపలికి, బయటికి వెళ్లే కవాటాలు రెండూ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. 6000 ఆర్‌పీఎం దగ్గర గాలికున్న ఊపు వల్ల అది లాభం. ఐడిల్‌లో, అంటే కారు ఆగి ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, ఆ ఊపు ఉండదు కాబట్టి కాలిన పొగ వెనక్కి తన్ని కొత్త మిశ్రమాన్ని పాడుచేస్తుంది. ఒక సిలిండర్ సరిగా మండుతుంది, మరోటి తుస్సుమంటుంది. మనకి వినసొంపుగా ఉన్నది అదే, ఇంజిన్‌కి అది దగ్గు.

దగ్గుతో ఆగితే బాగుండేది. ఐడిల్‌లో ఇంజిన్ గాలి పీల్చే బలం, అంటే వాక్యూమ్, పడిపోతుంది, పవర్ బ్రేకు ఆ వాక్యూమ్ మీదే బతుకుతుంది. కింది ఆర్‌పీఎంలో టార్క్ తగ్గుతుంది కాబట్టి ఎక్కువ వేగం దగ్గర పట్టే టార్క్ కన్వర్టర్ కావాలి. అది జారుతున్నంతసేపూ నూనె వేడెక్కుతుంది, వేరే కూలర్ కావాలి. అప్పుడు 3.08 యాక్సిల్ చాలదు, మళ్లీ 3.73. అంటే హైవే మీద మిగుల్చుకున్న చుట్లు తిరిగి పోయినట్టే. ఒక్క కడ్డీ మారిస్తే కాగితం మీద లెక్కంతా కొట్టేసి మళ్లీ వేసుకోవాలి.

మరో రెండు విషయాలు. ఆ కారు వెనక ఒక్కో పక్కా ఒకే కమాన్ పట్టీ ఉంది. గట్టిగా నొక్కితే యాక్సిల్ మెలితిరిగి టైరు కప్పలా గెంతుతుంది. మొదట అక్కడ పట్టీల కట్ట వేయించాం. నాలుగు వైపులా ఉన్న డ్రమ్ము బ్రేకుల్లో ముందువి రెండూ డిస్కులకి మార్చాం. ఇంజిన్ బ్లాకు మీద చెక్కిన అంకెలు ఆ కారు నంబరుతో సరిపోయాయి కాబట్టి పాత 327కి నూనె పట్టించి, ప్లాస్టిక్ చుట్టి గ్యారేజీ మూల నిలబెట్టాడు. రేపు అమ్మాల్సి వస్తే కొనేవాడు మొదట అడిగేది దాన్నే.

ఈ ఆగస్టులో అదే రోడ్డు మీద వెళ్లాం. 350 ఇంజిన్, కవాటాలని మరీ ఎక్కువసేపు తెరిచి ఉంచని బుద్ధిమంతుడి క్యామ్, 700ఆర్4, 3.08. హైవే మీద 110లో ముల్లు 1900 దగ్గర కదలకుండా నిలబడింది. ఇంట్లో కూర్చున్నట్టు మాట్లాడుకుంటూ వెళ్లాం. వుడ్‌వర్డ్ ఎక్కాక సిగ్నల్ దగ్గర పక్కన షెవెల్ అనే మరో పాత కారు వచ్చి ఆగింది. గుడు... గుడుగుడు... గుడు. మా కారు కుదురుగా, నున్నగా తిరుగుతోంది. మావాడు ఆ పక్కకే చూస్తున్నాడు.

"అన్నా, క్యామ్ ఒక్కటీ మారిస్తే?"