పూతలో వాసన నిలవాలంటే

తిరుపతి

ప్రియమైన పిల్లలకు,

కేకు మీద క్రీము, బాదుషా మీద చక్కెర పూత, సోంపు గింజల మీద రంగురంగుల చక్కెర, బిస్కెట్ మీద చాక్లెట్. వీటిని మీరు ముందు కళ్లతోనే ఇష్టపడతారు. చేసేవాళ్లలో కూడా ఎక్కువమంది అందం గురించే టెన్షన్ పడతారు. పూత నున్నగా రావాలి, మెరవాలి, రంగు తేలాలి. వాసన సంగతి ఆఖరున గుర్తొస్తుంది. అందుకే చూడటానికి ముచ్చటగా ఉండి, నోట్లో పెట్టుకుంటే ఒట్టి తీపి తప్ప ఏమీ తెలియని మిఠాయిలు అంగళ్లలో ఇన్ని ఉన్నాయి. మిఠాయి బట్టీల దగ్గర బతికినవాణ్ణి, నాకు అది బాధగా ఉంటుంది. మీలో కొందరైనా రేపు వంటింట్లోనో, బేకరీలోనో, ఫ్యాక్టరీలోనో ఈ పని చేస్తారు. అందుకే ఈ ఉత్తరం.

మనకు ఏదైనా వాసన వస్తోందంటే, ఆ వస్తువులోంచి కంటికి కనబడనంత చిన్న అణువులు లేచి గాలిలో కలిసి ముక్కును చేరుతున్నాయని అర్థం. అంటే వాసన తెలిసే ప్రతి క్షణం అది కొంచెం కొంచెంగా ఖర్చయిపోతోంది. లోపలి పిండిలో ఉన్న వాసనకు చుట్టూ పిండి అడ్డం ఉంటుంది. పైపూత పల్చగా, నలువైపులా గాలికి తగులుతూ ఉంటుంది కాబట్టి ముందు పోయేది దాని వాసనే. పైగా పూతను మనం రెండు పనులు అడుగుతున్నాం. తినేదాకా వాసనను పట్టి ఉంచాలి, తినగానే వదిలేయాలి. ఒక్కటి తప్పినా పూత తప్పినట్టే.

బాదుషా పాకం సంగతి చూడండి. చక్కెర, నీళ్లు పొయ్యి మీద పెట్టి అప్పుడే యాలకుల పొడి వేస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. అందరూ మెచ్చుకుంటారు కూడా. కానీ బాదుషాకు చేరాల్సిన వాసనను అప్పుడే గదికి పంచేశాం. యాలకుల వాసనలో ముఖ్యమైన ఒక పదార్థం పేరు సినియోల్. నీలగిరి తైలంలో ఎక్కువగా ఉండేదీ అదే. అది మరిగేది సుమారు 176 డిగ్రీల దగ్గర. తీగపాకానికి 110 డిగ్రీల చుట్టుపక్కల వేడి చాలు. మరి వాసన ఎందుకు పోయింది? దండెం మీద ఆరేసిన బట్టలో నీళ్లు మరగకుండానే ఆరిపోతాయి కదా, ఇదీ అంతే. ఆవిరవడానికి మరగాల్సిన పని లేదు. దానికి తోడు పాకంలోంచి లేచే నీటి ఆవిరి ఆ అణువులను వెంటబెట్టుకుని పోతుంది. నీలగిరి ఆకుల నుంచి తైలం తీసేది కూడా ఇలాగే. ఆకుల గుండా ఆవిరి పంపి, దాన్ని చల్లార్చి, నీటి మీద తేలిన నూనెను వేరుచేస్తారు. యాలకులు వేసి పాకం మరిగించినప్పుడు మనమూ ఆ పనే చేస్తున్నాం, వచ్చిన నూనెను పట్టుకునే ఏర్పాటు మాత్రం మన దగ్గర లేదు.

కాబట్టి పాకం దించి, కాస్త వేడి తగ్గాక, బాదుషాలు ముంచే ముందు యాలకుల పొడి కలపండి. పొడి కూడా అప్పటికప్పుడు కొట్టుకోండి. యాలకులను వాటి తొక్కే కాపాడుతుంది, తొక్క తీసి పొడి చేశాక డబ్బాలో ఉన్నా రోజురోజుకీ తగ్గిపోతుంది. పచ్చకర్పూరం ఇంకా సున్నితమైనది, కరగకుండానే గడ్డలోంచి నేరుగా ఆవిరైపోతుంది. తిరుమల తీర్థంలో ఆ పరిమళం అంత బాగా తెలియడానికి ఒక కారణం, దాన్ని ఎవరూ మరిగించకపోవడం. ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. హారతి కర్పూరం వేరు, వంటలో వేసే పచ్చకర్పూరం వేరు. హారతి కర్పూరం తినకూడదు, ఒక్క పలుకు కూడా.

ఎప్పుడు వేయాలో తెలిసింది. దేనిలో వేయాలన్నది అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం. వాసన పదార్థాల్లో ఎక్కువ భాగం నీటిలో సరిగా కలవవు, నూనెలో, నెయ్యిలో, వెన్నలో చక్కగా కలుస్తాయి. అందుకే నీళ్లూ చక్కెర పొడీ కలిపి చేసిన ఐసింగ్ కంటే వెన్నతో చేసిన క్రీములో వాసన ఎక్కువ సేపు ఉంటుంది. అయితే కొవ్వు మంచీ చెడూ చూడదు, పక్కన ఏది ఉంటే దాని వాసన పీల్చుకుంటుంది. క్రీము కేకును మూత లేకుండా ఫ్రిజ్‌లో తరిగిన ఉల్లిపాయల పక్కన పెట్టినా, నేతి మిఠాయిలను అగరొత్తులున్న అరలో పెట్టినా తెల్లారేసరికి వాటి వాసన మారిపోతుంది.

చాక్లెట్ పూత కూడా కొవ్వు పూతే. అందులోని కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒళ్లు 37 డిగ్రీలు కాబట్టి నోట్లో వేసుకోగానే కరిగి వాసన వదులుతుంది. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి! కానీ మే నెలలో తిరుపతి ఎండ 40 దాటుతుంది, ఆ పూత అంగట్లోనే కరుగుతుంది. అందుకే చాలామంది వేరే వనస్పతి కొవ్వులతో చేసిన, ఎక్కువ వేడికి తట్టుకునే చాక్లెట్ వాడతారు. అది నిలబడుతుంది గానీ కోకో వెన్నలా నోట్లో కరగదు. ఇంకో సంగతి, కరిగిన చాక్లెట్‌లో నీళ్లతో చేసిన ఎసెన్స్ పోస్తే అది గట్టిపడి పలుకులు కట్టేస్తుంది. నూనెతో చేసిందే వేయాలి.

పిప్పరమెంటు బిళ్ళ దారి వేరు. చక్కెర పాకాన్ని 150 డిగ్రీల దాకా కాచి చల్లారిస్తే పలుకులు కట్టకుండా గాజులా గట్టిపడుతుంది. ఆ గాజులో వాసన అణువులు కదల్లేక చిక్కుకుంటాయి. దాని శత్రువు తేమ. కార్తీకంలో తుపాను వానలు పడుతుంటే మూత తీసిపెట్టిన బిళ్ళలు చేతికి అంటుకుంటాయి చూడండి, అప్పుడు గాజు మెత్తబడుతోంది. తర్వాత చక్కెర మళ్లీ పలుకులు కడుతూ వాసనను బయటికి నెట్టేస్తుంది.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఫ్యాక్టరీల్లో చేసే వాసన పొడి. తుమ్మ జాతి చెట్టు బంకను నీళ్లలో కరిగించి, అందులో నారింజ నూనె లాంటిది బాగా చిలికి, ఆ ద్రవాన్ని 150 నుంచి 200 డిగ్రీల వేడిగాలిలోకి సన్నటి తుంపరగా కొడతారు. పాకం వేడికే వాసన పోతుందన్నాను కదా, మరి ఇంత వేడికి నిలుస్తుందా అని అడుగుతారు మీరు. ప్రతి తుంపర చుట్టూ క్షణంలో బంక పొర ఆరి గట్టిపడుతుంది. నీటి అణువులు చిన్నవి కాబట్టి ఆ పొరలోంచి బయటికి పోగలవు, పెద్దవైన వాసన అణువులు పోలేక లోపలే మిగిలిపోతాయి. నీరు ఆవిరవుతున్నంతసేపూ ఆ రేణువు గాలంత వేడెక్కదు కూడా. ఆ పొడిని పూతలో కలిపితే నోటి తడికి బంక కరిగి వాసన బయటపడుతుంది. పూతను మనం అడిగిన రెండు పనులూ చేస్తుందన్నమాట.

ఇంత శ్రమపడి చేసినదాన్ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో కట్టకండి. వాసన అణువులు ఆ కవర్లోంచి కూడా మెల్లగా బయటికి వచ్చేస్తాయి. మూత బిగిసే గాజు సీసా గానీ స్టీలు డబ్బా గానీ మంచిది.

నా మాట నమ్మేముందు మీరే చేసి చూడండి. గూడూరు నిమ్మకాయ ఒకటి తీసుకుని పైన పచ్చటి తొక్క మాత్రమే సన్నగా కోరండి, కింద తెల్లటిది చేదు. దాన్ని మూడు సమాన భాగాలు చేయండి. ఒకటి చక్కెర పొడీ, నాలుగు చుక్కల నీళ్లతో కలపండి. రెండోది అంతే చక్కెర పొడీ, వెన్నతో కలపండి. మూడోది చక్కెర పాకంలో వేసి అయిదు నిమిషాలు మరిగించండి, ఈ పని మాత్రం అమ్మనో నాన్ననో పక్కన పెట్టుకుని చేయండి. మూడింటినీ పల్చగా బిస్కెట్ల మీద రాసి, ఒక రాత్రి గాలికి వదిలేయండి. మరునాడు ముందు ముక్కుతో చూడండి. వెన్న రాసినదానికి వాసన తక్కువనిపిస్తే ఓడిపోయిందనుకోవద్దు, కొవ్వు దాన్ని వదలకుండా పట్టుకుని ఉంటుంది. ఇప్పుడు కొరికి, నోరు మూసి నములుతూ, ముక్కులోంచి గాలి వదలండి. గొంతు వెనక నుంచి కూడా ముక్కుకు దారి ఉంది, తినేటప్పుడు వాసన తెలిసేది ఎక్కువగా అటునుంచే. మూడింట్లో ఏది ఎక్కువ సేపు తెలిసిందో, ఎంత తేడా వచ్చిందో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య