సియాటెల్ నుంచి డెన్వర్‌కు వచ్చిన తగువు

2022 సెప్టెంబర్ 18, డెన్వర్‌లోని ఎంపవర్ ఫీల్డ్ స్టేడియం. బంతి సొంత జట్టు బ్రాంకోస్ చేతిలో ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో సొంత జట్టు ఎటాక్ చేస్తున్నప్పుడు అభిమానులు గోల చేయరు. క్వార్టర్‌బ్యాక్ చెప్పే మాట మిగతా పదిమందికీ వినపడాలి కదా. ఆ రోజు మాత్రం జనం ఒక్క గొంతుతో లెక్కపెట్టడం మొదలెట్టారు. ఐదు, నాలుగు, మూడు...

ఒక ప్లే అయిపోయాక మామూలుగా 40 సెకన్లలోపు తర్వాతి ప్లే మొదలుపెట్టాలి. కోచ్ చెప్పే ప్లాన్ క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని చిన్న స్పీకర్‌లో వినిపిస్తుంది. 15 సెకన్లు మిగిలి ఉండగా అది కట్ అయిపోతుంది. బ్రాంకోస్ మాటిమాటికీ ఆలస్యం చేస్తుంటే విసిగిపోయిన జనం గడియారం పని తామే అందుకున్నారు. అది సాయమో వెక్కిరింపో చెప్పడం కష్టం. నిజానికి ఆ రోజు హ్యూస్టన్ మీద 16-9తో బ్రాంకోస్ గెలిచింది కూడా!

ఆ క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్. కెప్టెన్, ఓపెనర్, ఫినిషర్ ముగ్గురూ ఒకడే అయితే ఎలా ఉంటుందో క్వార్టర్‌బ్యాక్ అంటే దాదాపు అంతే. సియాటెల్ సీహాక్స్‌లో పదేళ్లు, 104 విజయాలు, ఒక సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) టైటిల్. అలాంటివాడు కొత్త జట్టులో ఎందుకు తేలిపోయాడన్న దాని మీద డెన్వర్ అభిమానులు రెండుగా చీలిపోయారు. తప్పు కోచ్‌దని కొందరు, విల్సన్ పనే అయిపోయిందని కొందరు. ఈ తగువు డెన్వర్‌లో మొదలైందని అనిపిస్తుంది గానీ, విల్సన్ దాన్ని సియాటెల్ నుంచే సామానుతో పాటు తెచ్చుకున్నాడు.

జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే 2012 డ్రాఫ్ట్‌లో విల్సన్‌ది 75వ స్థానం. ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు. క్వార్టర్‌బ్యాక్‌గా ఆడేవాడికి అది తక్కువే. అయినా రెండో సీజన్‌లోనే, 2014 ఫిబ్రవరిలో, సూపర్ బౌల్ గెలిపించాడు. ఆ ఫైనల్లో 43-8తో చిత్తయింది ఎవరో కాదు, ఇదే డెన్వర్. అప్పట్లో సీహాక్స్‌కు లీగ్‌లోకెల్లా గట్టి డిఫెన్స్ ఉంది, బంతి పట్టుకుని గుద్దుకుంటూ దూసుకుపోయే మార్షాన్ లించ్ ఉన్నాడు. విల్సన్ భారమంతా ఒక్కడే మోయాల్సిన అవసరం లేదు. అవసరమైనప్పుడు మెరుపులా తప్పించుకుని దూరంగా ఓ బంతి విసిరితే చాలు.

మరుసటి ఏడాది మళ్లీ ఫైనల్. 2015 ఫిబ్రవరి 1, అరిజోనా. పేట్రియట్స్ 28, సీహాక్స్ 24. అర నిమిషం కూడా లేదు. గోల్ లైన్ ఒక్క గజం దూరం. లించ్ చేతికి బంతి ఇస్తారని టీవీ ముందు కూర్చున్న ప్రతివాడూ అనుకున్నాడు. పైనుంచి వచ్చిన ప్లాన్ మాత్రం పాస్. విల్సన్ విసిరాడు. అప్పటిదాకా పెద్దగా ఎవరికీ తెలియని మాల్కమ్ బట్లర్ మధ్యలో దూరి బంతిని లాగేసుకున్నాడు. తప్పు ప్లాన్ చెప్పినవాడిదా, విసిరినవాడిదా? సియాటెల్‌లో ఆ ప్రశ్న ఎన్నేళ్లయినా చల్లారలేదు. ఏడేళ్ల తర్వాత డెన్వర్‌లో అడిగిందీ అదే ప్రశ్న.

ఆ పాత డిఫెన్స్ చెదిరిపోయాక గొడవ ఇంకో రూపం తీసుకుంది. కోచ్ పీట్ కారల్‌కు బంతి పట్టుకుని పరిగెత్తించే ఆటంటే ఇష్టం. విల్సన్‌కు విసరాలని ఉంది. 'వంట రస్సెల్‌కు వదిలేయండి' అన్నది అభిమానుల నినాదమైంది. 2020లో కారల్ నిజంగానే వదిలేశాడు. మొదటి 8 ఆటల్లో 28 టచ్‌డౌన్ పాస్‌లు (బంతిని గోల్ లైన్ దాటించి పాయింట్లు తెచ్చే పాస్‌లు)! ప్రత్యర్థులు మాత్రం చూస్తూ ఊరుకుంటారా? దూరపు బంతులకు అడ్డంగా వెనక మనుషుల్ని నిలబెట్టారు. ఇంటర్‌సెప్షన్లు (బట్లర్‌లా ప్రత్యర్థి లాగేసుకునే పాస్‌లు) పెరిగాయి, కారల్ పగ్గాలు బిగించాడు. మిగతా 8 ఆటల్లో వచ్చిన టచ్‌డౌన్ పాస్‌లు 12. విల్సన్ మీద జరిగే వాదనలన్నింటిలో ఈ రెండు అంకెలే కీలకమని నాకనిపిస్తుంది. కారల్ అడ్డుపడ్డాడని ఒక వర్గం వీటినే చూపిస్తుంది, గుట్టు బయటపడిపోయిందని రెండో వర్గమూ వీటినే చూపిస్తుంది.

2021 ఫిబ్రవరిలో, తనకు దెబ్బలు మరీ ఎక్కువ తగులుతున్నాయని విల్సన్ బయటికే అనేశాడు. ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) అంటూ జరిగితే వెళ్లడానికి ఇష్టపడే నాలుగు జట్ల పేర్లు అతని ఏజెంట్ చెప్పాడు. అందులో డెన్వర్ లేదు. ఆ అక్టోబర్‌లో వేలికి దెబ్బ తగిలి, కెరీర్‌లో మొదటిసారి ఆటలకు దూరమయ్యాడు.

ఇటు డెన్వర్ సంగతి వేరు. 2012లో ఇండియనాపొలిస్ వదిలేసిన పేటన్ మానింగ్‌ను తెచ్చుకుని రెండు సూపర్ బౌల్స్ ఆడింది, ఒకటి గెలిచింది. 2016లో అతను రిటైరయ్యాక ఆ కుర్చీలో ఎవరూ నిలవలేదు. 2020 నవంబర్‌లో ఒక ఆదివారం కోవిడ్ నిబంధనల వల్ల క్వార్టర్‌బ్యాక్‌లెవరూ అందుబాటులో లేక, కెండల్ హింటన్ అనే క్యాచ్‌లు పట్టే ఆటగాడిని నిలబెట్టాల్సి వచ్చింది. పైగా పక్కవాళ్లను చూసి కడుపు మంట. పేరున్న వెటరన్‌ను తెచ్చుకున్న మొదటి సీజన్‌లోనే బ్రాడీతో టాంపా, స్టాఫర్డ్‌తో లాస్ ఏంజెలిస్ టైటిల్ కొట్టేశాయి. స్టాఫర్డ్ గెలిచింది 2022 ఫిబ్రవరి 13న. నెల తిరక్కముందే, మార్చి 8న, విల్సన్ ట్రేడ్ కుదిరింది.

ధర చూడండి. రెండు మొదటి రౌండ్ పిక్‌లు (డ్రాఫ్ట్‌లో ఆటగాడిని ఎంచుకునే హక్కులు), రెండు రెండో రౌండ్ పిక్‌లు, ఒక ఐదో రౌండ్ పిక్, ముగ్గురు ఆటగాళ్లు. సియాటెల్ నుంచి వచ్చింది విల్సన్, ఒక నాలుగో రౌండ్ పిక్. అక్కడితో ఆగినా బాగుండేది. పాత కాంట్రాక్ట్ ఇంకా రెండేళ్లు మిగిలి ఉండగానే, డెన్వర్ తరఫున ఒక్క ఆటా ఆడకముందే, సెప్టెంబర్ 1న 24.5 కోట్ల డాలర్ల విలువైన ఐదేళ్ల పొడిగింపు ఇచ్చేశారు. జట్టును 465 కోట్ల డాలర్లకు కొన్న యజమానులు అప్పుడే దిగారు, ఉత్సాహం మీదున్నారు. నన్నడిగితే విల్సన్ పాస్‌లకన్నా, కోచ్ నిర్ణయాలకన్నా ఈ తొందరే పెద్ద పొరపాటు. సంబంధం ఖాయం చేసుకోవడం వేరు, ముహూర్తానికి ముందే ఇల్లు రాసివ్వడం వేరు.

మొదటి ఆటే సియాటెల్‌లో. రెడ్‌మండ్, బెల్‌వ్యూల్లో స్థిరపడి సీహాక్స్ జెర్సీలు కొనుక్కున్న తెలుగు ఐటీ కుటుంబాలకూ అది విచిత్రమైన రాత్రే అయ్యుంటుంది: నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్నవాడిని స్టేడియం మొత్తం గేలి చేసింది. చివర్లో డెన్వర్ ఒక పాయింట్ వెనకుంది. పది గజాలు ముందుకెళ్లడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిది, ఇంకా కావలసింది 5 గజాలు, చేతిలో మూడు టైమ్‌అవుట్‌లు. కోట్లు పోసి తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్‌ను పక్కనబెట్టి, కొత్త కోచ్ నథానియల్ హ్యాకెట్ గడియారాన్ని 20 సెకన్లకు జారనిచ్చి, 64 గజాల నుంచి కిక్ కొట్టించాడు. ఈ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) చరిత్రలో అప్పటికి అతి పొడవైన ఫీల్డ్ గోల్ (స్తంభాల మధ్యకు తన్ని మూడు పాయింట్లు తెచ్చే కిక్) 66 గజాలు! బంతి పక్కకి పోయింది. 17-16. 'తప్పు కోచ్‌దే' వర్గానికి ఏడాదికి సరిపడా సరుకు దొరికింది.

రెండో వర్గానికి అక్టోబర్ 6న దొరికింది. ఇండియనాపొలిస్‌తో ఆట ఎక్స్‌ట్రా టైమ్‌కు వెళ్లింది, అప్పటికే చాలామంది సీట్లు ఖాళీ చేసి పోతున్నారు. గెలుపుకు కొన్ని గజాలే ఉండగా విల్సన్ బంతిని ప్రత్యర్థి అంటిపెట్టుకుని ఉన్న ఆటగాడి వైపు విసిరాడు. ఇంకోవైపు కేజే హామ్లర్ అడ్డం లేకుండా నిలబడి ఉన్నాడు. ఓడిపోయాక హామ్లర్ హెల్మెట్ నేలకేసి కొట్టాడు. స్కోరు 12-9, ఒక్క టచ్‌డౌన్ కూడా లేదు. ఇలాంటి రోజుల్లోనే ఆట కోసం లండన్ వెళ్లే విమానంలో మిగతావాళ్లు నిద్రపోతుంటే నాలుగు గంటలు కసరత్తు చేశానని విల్సన్ చెప్పుకున్నాడు. గెలిచే జట్టులో అయితే అది క్రమశిక్షణ అనిపించుకునేది.

క్రిస్మస్ రోజు లాస్ ఏంజెలిస్ చేతిలో 51-14తో ఓడాక హ్యాకెట్‌ను తీసేశారు. సీజన్ 5 గెలుపులు, 12 ఓటములతో ముగిసింది. పాయింట్లు చేయడంలో లీగ్‌లోనే ఆఖరు స్థానం. విల్సన్‌ను 55 సార్లు పడగొట్టారు. గాయాలతో చాలామంది ఆటలకు దూరమయ్యారన్నదీ నిజం.

2023లో కోచ్‌గా షాన్ పేటన్ వచ్చి, విల్సన్ సొంత సిబ్బందిని ఆఫీసు గడప తొక్కనివ్వలేదు. విల్సన్ కాస్త తేరుకున్నాడు: 26 టచ్‌డౌన్ పాస్‌లు, 8 ఇంటర్‌సెప్షన్లు. అయినా చివరి రెండు ఆటలకు పక్కన కూర్చోబెట్టారు. అతనికి పెద్ద గాయమైతే 2025 జీతం 3.7 కోట్ల డాలర్లు కట్టితీరాలన్న షరతు అందుకు ఒక కారణమని అందరికీ తెలుసు. 2024 మార్చిలో వదిలేశారు. జట్ల జీతాలకు లీగ్ పెట్టే పరిమితి లెక్కల్లో, ఇక తమకు ఆడని విల్సన్ కోసం పడిన గుదిబండ 8.5 కోట్ల డాలర్లు, అప్పటికి రికార్డు. సియాటెల్ మాత్రం ఆ పిక్‌లతో చార్లెస్ క్రాస్, డెవన్ విదర్‌స్పూన్ లాంటివాళ్లను తెచ్చుకుంది.

విల్సన్ పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో చేరాడు. స్టీలర్స్ ఇచ్చింది 12.1 లక్షల డాలర్ల కనీస జీతం, మిగతా కోట్లు డెన్వర్ ఖాతాలోంచే. 2024 సెప్టెంబర్ 15న స్టీలర్స్ డెన్వర్‌కు వచ్చి 13-6తో గెలిచి వెళ్లింది. పిక్క నొప్పితో విల్సన్ ఆ రోజు ఆడలేదు. పక్కన నిలబడి చూశాడు.